గురువారంకల్లా

అంతర్జాలంలోని అంగళ్ళలో ఏ వస్తువును తెరిచి చూసినా ధర క్రింద ఒక పంక్తి కనిపిస్తుంది. ఆకుపచ్చ రంగులోనో, బొద్దు అక్షరాలలోనో ఉంటుంది: "గురువారంకల్లా మీ ఇంటికి." కొనేవాళ్ళం ధర తరువాత చూసేది దానినే, ఒక్కొక్కసారి ధరకన్నా ముందే. వ్యాకరణం మీద కాస్తో కూస్తో మమకారం ఉన్నవాడిని గనుక ఆ పంక్తి చూసినప్పుడల్లా నాకొక సందేహం కలుగుతుంది. ఈ వాక్యానికి కర్త ఎవరు? ఇంటికి చేర్చేది ఎవరు? అంగడి నడిపే సంస్థా? దారిలో మోసుకొచ్చే కొరియరు కుర్రవాడా? లేక ఎక్కడో ఒక ఊళ్ళో కూర్చొని ఆ వస్తువును పొట్లం కడుతున్న మనిషా? మాట ఇచ్చినది ఎవరో పైకి కనిపిస్తూనే ఉంది. తప్పితే దండుగ కట్టవలసినది ఎవరో మాత్రం ఆ పంక్తిలో ఉండదు.

మాది అప్పనపల్లి కాకపోతే ఈ సందేహం సందేహంగానే ఉండిపోయేదేమో. కోనసీమలో మామిడికుదురు మండలం, గోదావరి పాయలలో ఒకటైన వైనతేయ ఒడ్డు. బాలబాలాజీ స్వామి గుడి ఉన్న ఊరంటే చాలామందికి తెలుస్తుంది. ఆ గుడి వెనుక ఉన్న మనిషి కూడా కొబ్బరి వర్తకుడే. మొల్లేటి రామస్వామిగారు వ్యాపారంలో వచ్చిన లాభంలో కొంత స్వామికి ఇస్తానని మొక్కుకొన్నారని, అక్కడినుంచి గుడి పెరిగిందని ఊళ్ళో చెప్పుకొంటారు. (ఆ మొక్కులో తేదీ లేదు గమనించండి. లాభం వచ్చినప్పుడు ఇవ్వాలి, అంతే. ఇప్పటి ఒప్పందాలు చూస్తూంటే అదెంత మర్యాదైన షరతో అనిపిస్తుంది.)

మా చిన్నాన్నగారి కోడలు అక్కడ కొబ్బరి పొట్టు ఇటుకలు చేసి అంతర్జాలంలో అమ్ముతుంది. ఇటుకలంటే ఇల్లు కట్టేవి కావు. కాయ వలిచాక మిగిలే డొక్కలోనుంచి పీచు తీస్తారు. పీచు తీయగా రాలేది పొట్టు. ఒకప్పుడు దానిని గట్ల మీద కుప్పలు పోసి వదిలేసేవారు. నీటిని పట్టి ఉంచుతుందని, మట్టిలో కలిపితే కుండీ తేలికగా ఉంటుందని పట్నాలలో మిద్దె తోటలవారు గ్రహించాక దానికీ ఒక వెల వచ్చింది. సముద్రం దాపున ఉన్న నేల గనుక డొక్కలో ఉప్పు ఉంటుంది, ఉప్పు మొక్కకు పడదు. అందుకని పొట్టును మంచినీళ్ళతో రెండు మూడు సార్లు కడగాలి, కళ్ళంలో పలుచగా పరిచి ఎండబెట్టాలి, జల్లించాలి, ఆ తరువాత యంత్రంలో పెట్టి అదమాలి. 650 గ్రాముల ఇటుకలు, 5 కిలోల దిమ్మలు. 2021లో, కరోనా దెబ్బకు అందరూ ఇళ్ళలో కూర్చొని మొక్కలు పెంచుకొంటున్న రోజుల్లో, ముద్ర రుణం మీద యంత్రం కొని మొదలుపెట్టింది. తాను గాక మరో ముగ్గురు ఆడవాళ్ళు పనిలో ఉండేవారు. నెలకు ఇంచుమించు 40 ఆర్డర్లు వచ్చేవి.

ఈ పనిలో యంత్రం చేసేది చాలా కొంచెం. మిగిలినదంతా ఎండ చేసేదే. వేసవిలో రెండు మూడు రోజులకు ఎండే పొట్టు, శ్రావణంలో వారమైనా చేతికి చెమ్మ తగులుతూనే ఉంటుంది. చెమ్మతో అదిమితే లోపల బూజు పడుతుంది, ఆ బూజు కొనేవారి ఇంట్లో గాని బయటపడదు. "నా పనికైతే గ్యారంటీ ఇస్తానండీ బావగారూ. ఎండకి నేనెక్కణ్ణించి తెచ్చి ఇవ్వనండీ గ్యారంటీ?" అన్నది ఒకసారి.

ఆ తేదీ ఎలా పుడుతుందో ఆమె పక్కన కూర్చొని చూశాను. అమ్మేవారికి కనిపించే తెర వేరుగా ఉంటుంది. ఆర్డరు వచ్చాక సరుకు కట్టి కొరియరు చేతికివ్వడానికి ఎన్ని రోజులు కావాలో అమ్మేవారు ముందుగా చెప్పి ఉంచాలి. అక్కడినుంచి కొనేవారి పిన్‌కోడుకు ఎన్ని రోజులు పడుతుందో అంగడివారి గణనం చెబుతుంది. రెండూ కలిపితే ఆ ఆకుపచ్చ పంక్తి. మొదటి అంకె నీ చేతిలోదే కదమ్మా, నాలుగు రోజులని పెట్టుకోరాదా అని అడిగాను. అదీ చేసి చూసిందట. గురువారం కాస్తా పై మంగళవారమైంది. వారం తిరిగేసరికి మొదటి పుటలో కనిపించే ఇటుక నాలుగో పుటకు జారింది. నాలుగో పుట దాకా వెళ్ళి కొబ్బరి పొట్టును వెదికే ఓపిక ఎవరికుంటుంది? మళ్ళీ ఒక్క రోజుకు మార్చుకొన్నది. ఎంచుకొనే స్వేచ్ఛ ఉన్నదని నియమావళిలో వ్రాసి ఉన్నది, ఉన్నమాట నిజమే.

ఇక శాతాల సంగతి. పెద్ద అంగళ్ళు అమ్మేవారికి పెట్టే కొలతలు రహస్యమేమీ కావు. అమెజాన్ నియమావళి ప్రకారం ఆలస్యంగా పంపిన ఆర్డర్లు నూటికి 4 లోపు ఉండాలి, పంపకముందే అమ్మేవారు రద్దు చేసినవి 2.5 లోపు, లోపం ఉన్నవి 1 లోపు. మిగిలినచోట్ల అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి ఇదే. వినడానికి న్యాయంగానే ఉంది. నూటికి తొంభైఆరింటిని సకాలంలో పంపమనడం దౌర్జన్యమని ఎవరంటారు? కాని ఈ లెక్కను నెలకు 40,000 ఆర్డర్లు పంపే సంస్థకు వేసి చూడండి. దాదాపు 1,600 ఆలస్యమైనా గీత దాటదు. నెలకు 40 పంపే మనిషికి వేయండి. ఒకటి ఆలస్యమైతే 2.5 శాతం. రెండోది ఆలస్యమైతే 5. అంటే ఆ మనిషికి నెల మొత్తం మీద ఒక్క జ్వరమో, ఒక్క ముసురో, దగ్గరివాళ్ళింట ఒక్క చావో మాత్రమే చెల్లుతుంది. పదిమంది పని చేసేచోట ఒకరు మంచం పడితే తొమ్మండుగురు మిగులుతారు. ఒక్కరే ఉన్నచోట ఒకరు మంచం పడితే నూటికి నూరూ పోయినట్లే. గణితశాస్త్రం చదివినవారెవరినడిగినా చిన్న సంఖ్యల మీద శాతాలు కట్టి తీర్పులు చెప్పరాదనే అంటారు. అంగడివారి దగ్గర గణితం తెలిసినవారికి కొదవ లేదు. తెలిసే ఆ గీత అక్కడ గీశారని నా అనుమానం.

పండుగలకు "సెలవు" అని ఒక మీట ఉంది. అది నొక్కితే గడువులు ఆగుతాయి, దానితోబాటు సరుకూ తెరమీదినుంచి మాయమవుతుంది. సంక్రాంతికి మూడు రోజులు నొక్కితే మళ్ళీ మునుపటి చోటికి చేరడానికి మూడు వారాలు పట్టిందని చెప్పింది. కనుమనాడు కోనసీమలో సగం జనం జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఉంటారు. కొరియరు కుర్రవాడూ అక్కడే ఉంటాడు. ఈ సంగతి గణనానికి ఎవరు చెప్పాలి?

దూరపు ఊళ్ళనుంచి వస్తువు తెప్పించుకోవడం మనకు కొత్తేమీ కాదు. వి.పి.పి. పద్ధతి మన దేశంలో 1877లోనే వచ్చింది. పుస్తకమో, మందు సీసానో పోస్టుమాన్ తెచ్చి ఇవ్వడం, డబ్బు అతని చేతిలో పెట్టడం, అది మనియార్డరుగా అమ్మినవాడికి చేరడం. ఇప్పటి "క్యాష్ ఆన్ డెలివరీ"కి తాత అన్నమాట. అందులో అమ్మేవాడి పూచీ సరుకును పోస్టాఫీసు బల్ల మీద పెట్టడం వరకే. గుమాస్తా రసీదు మీద ముద్ర కొట్టాక ఆపై ఆలస్యం తపాలావారిది, రైలుది, తుపానుది. విసుగు వస్తే పోస్టుమాన్‌ను విసుక్కొనేవారు గాని పుస్తకం పంపినవాణ్ణి కాదు. ఆ కాలం అంతా బంగారమని చెప్పబోవడం లేదు. వి.పి. తిరిగొస్తే రెండు వైపులా తపాలాఖర్చు అమ్మినవాడి నెత్తినే పడేది. ఎవరి పని ఎక్కడ ముగిసిందో చెప్పడానికి ఒక ముద్ర ఉండేదని మాత్రమే నా మాట.

ఇప్పుడు ఆ ముద్ర కొరియరు కుర్రవాడి చేతిలోని యంత్రంలో ఉంది. అతడు వచ్చి పార్సెలు మీది బార్‌కోడును చదివించినప్పుడే అమ్మేవారు "పంపినట్లు". సరుకు కట్టి వరండాలో పెట్టి ఉంచితే పంపినట్లు కాదు. అతడు రాకపోతే?

రాకపోవడానికి మా వైపు కారణాలు వెదుక్కోనక్కరలేదు. కోనసీమ చుట్టూ గోదావరి పాయలు, ఒకవైపు సముద్రం. రైలు లేదు. కోటిపల్లి-నరసాపురం మార్గం గురించి మా తాతగారి తరంనుంచి వింటూనే ఉన్నాం. సరుకు బయటికి పోవాలంటే వంతెనలే దిక్కు. ఎదుర్లంక దగ్గర యానాం వైపు ఒకటి, దిండి దగ్గర చించినాడ వైపు ఒకటి, రావులపాలెం మీదుగా పెద్ద రహదారి. మా ఊరి సంగతి అడిగితే, గోదావరికి వరద వచ్చిందంటే కాజ్‌వే మీదికి నీరు ఎక్కుతుంది.

2022వ సంవత్సరం ఆమెకు బాగా గుర్తు. కొత్త జిల్లా ఏప్రిల్ 4న ఏర్పడింది. జిల్లా పేరు విషయమై మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాయి. ఆ వెంటనే జిల్లాలో ఇంటర్నెట్టు నిలిపివేశారు, రోజుల తరబడి. ఇంటినుంచి పని చేసుకొంటున్న సాఫ్టువేరు ఉద్యోగులు సిగ్నలు కోసం గోదావరి గట్లకు చేరారని పత్రికలు వ్రాశాయి. ఇటుకలు అమ్ముకొనే ఇల్లాలి గురించి ఎవరూ వ్రాయలేదు, పత్రికకెక్కేంత సంగతీ కాదు. మూడో రోజున ఆమె భర్త మోటారు సైకిలు మీద చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు వెళ్ళి ఫోను తెరిస్తే తొమ్మిది ఆర్డర్లు ఉన్నాయి. అయిదింటికి గడువు దాటిపోయింది. మరో రెండు వాటంతటవే రద్దయిపోయాయి. ఆర్డరు వచ్చిన సంగతే తెలియని మనిషి ఆలస్యం చేసినట్లు నమోదైంది.

అది సర్దుకొనేలోపే జూలై వరద. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది, 16వ తేదీన. అక్కడినుంచి ధవళేశ్వరం, అక్కడినుంచి మా పాయలు. ఈసారి ఆమె గడువు తప్పలేదు. పదకొండు పార్సెళ్ళు కట్టి, చీటీలు అంటించి, నీరు వస్తుందని తెలిసి అటక మీదికి ఎక్కించింది. కొరియరు బండి నీటికి అవతల నిలిచిపోయింది. ఆమె పని చేసిందనడానికి ఇంట్లోవాళ్ళు తప్ప సాక్షి లేదు. ఆ అంగడి పేరు ఇక్కడ వ్రాయను, ఏ అంగడైనా ఇంతకన్నా వేరుగా చేసి ఉండేదని నేననుకోను. ప్రకృతి వైపరీత్యం వచ్చిన పిన్‌కోడులకు మినహాయింపు ఉంటుందని నియమంలో ఉంది. జాబితా వెలువడింది, అందులో మా పిన్‌కోడు లేదు. పోటో తీసి పంపితే సాయానికున్నవారు చాలా మర్యాదగా జవాబిచ్చారు, మూడుసార్లు, ఒకే జవాబు. వారం తరువాత పిన్‌కోడు జాబితాలో చేరింది. ఆ వారం లెక్క మాత్రం అట్లాగే ఉండిపోయింది.

ఫలితం ఏమిటంటే ఆమె సరుకు పక్కన ఉండే నమ్మకపు గుర్తు పోయింది. నెలకు 40 ఉన్న ఆర్డర్లు ఆగస్టులో 11 అయ్యాయి, సెప్టెంబరులోనూ అంతే. రుణం వాయిదా నెలకు ఒకసారి ఠంచనుగా వస్తుంది కదా. ముగ్గురిలో ఒకామె రొయ్యల చెరువుల పనికి వెళ్ళిపోయింది. తేదీ దాటిందని కొనేవారు వద్దన్న పార్సెళ్ళు నెల తరువాత తిరిగి వచ్చాయి, మూలలు చిట్లి, పొట్టు రాలుతూ.

దీనికి అంగడివారి దగ్గర ఒక మందు ఉంది. సరుకును ముందే తెచ్చి మా గోదాములో పెట్టండి, కట్టడం పంపడం మేమే చూసుకొంటాం, తేదీ బాధ మీకుండదు అంటారు. ఆ గోదాము హైదరాబాదు శివార్లలో ఉంది. 200 ఇటుకలు పంపింది. నిజంగానే "రేపటికల్లా" అన్న పంక్తి వచ్చింది, ఇటుక మొదటి పుటకు ఎక్కింది. అయితే లారీ ఖర్చు, నిలువకు అద్దె, కట్టినందుకు రుసుము, పంపినందుకు రుసుము, ఇవన్నీ పోను ఇటుక ఒక్కింటికి మిగిలేది పనివాళ్ళ కూలికి సరిపోయింది. ఎక్కువ రోజులు నిలువ ఉన్నవాటికి అద్దె పెరిగింది. వస్త్రాలకో, ఫోన్లకో ఆ ఖర్చు పెద్దది కాకపోవచ్చు. బరువెక్కువ, వెల తక్కువ ఉన్న సరుకుకు ఆ లెక్క పొసగదు.

అప్పుడొక ఫోను వచ్చింది. అదే అంగడిలో పెద్ద ఎత్తున అమ్మే హైదరాబాదు వర్తకుడు. మీ సరుకు మాకు టోకుగా ఇవ్వండి, మా పేరుతో అమ్ముకొంటాం అన్నాడు. ఇటుకకు 22 రూపాయలు, డబ్బు చేతిలో. ఇచ్చింది. అందుచేత కొన్నాళ్ళు తెరమీద ఒక వింత ఉండేది. ఆమె కళ్ళంలో ఎండిన పొట్టే, ఆమె యంత్రంలో అదిమిన ఇటుకే, ఇంకొకరి పేరుతో 79 రూపాయలకు రేపటికల్లా వస్తుంది. ఆమె పేరుతో 60 రూపాయలకు ఆరో రోజున వస్తుంది. జనం 79 పెట్టి కొన్నారు. వారిని తప్పు పట్టలేను.

తేదీ హామీ గురించి మాట్లాడేటప్పుడు అందరూ వేగం గురించి మాట్లాడతారు. నాకు కనిపించినంతవరకు అది మార్చేది అమ్మేవారి హోదాను. అమ్మకందారుగా దుకాణం తెరిచిన మనిషి ఏడాదిన్నర తిరిగేసరికి సరఫరాదారు అయింది. ఊరికి దగ్గరలోనే అంబాజీపేట ఉంది, కొబ్బరికి పేరున్న మార్కెట్టు. దళారి చెప్పిన రేటుకు ఇవ్వడం అక్కడ మా పెద్దలకు తెలిసిన విద్యే. ఆ దళారీని దాటి నేరుగా కొనేవారి గుమ్మానికి వెళ్ళవచ్చుననే కదా అంతర్జాల అంగడి ఆశ చూపింది.

పెద్ద అంగళ్ళు కొందరు అమ్మేవారికి పెద్దపీట వేస్తున్నాయన్న ఫిర్యాదు మీద అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లపై కాంపిటీషన్ కమిషన్ 2020 జనవరిలో విచారణకు ఆదేశించింది. దర్యాప్తులో ఆ ఆరోపణ నిజమేనని తేలిందని 2024లో రాయిటర్స్ వార్త వచ్చింది. తాము చట్టాన్ని మీరలేదని ఆ సంస్థలు అంటూనే ఉన్నాయి. కోర్టుల సంగతి కోర్టులు చూసుకొంటాయి. ఎవరికీ ప్రత్యేకంగా పీట వేయకపోయినా, గోదాముకు దగ్గరగా ఉన్నవాడికే మంచి తేదీ వస్తుందన్న ఒక్క నియమం చాలునని నాకు తోస్తుంది.

అమెరికాలో ఈబే 2017లో తేదీ హామీ పథకం పెట్టింది, రెండు కోట్లకు పైగా వస్తువులు మూడు రోజుల్లోపు చేరతాయని. అందులో అమ్మేవారికి రెండు దారులు ఉండేవి. అదే రోజో మరునాడో సరుకు పంపుతాను, అంతవరకే నా పూచీ అనవచ్చు, ఆపై ఆలస్యమైతే భారం ఈబేది. లేదా గడప దాకా నాదే పూచీ అనవచ్చు, అప్పుడు ఆలస్యపు ఖర్చు అమ్మేవారిది. ఆ పథకంలో లోపాలు ఉండవచ్చు గాని, వాక్యానికి కర్త ఎవరో అందులో విడదీసి చెప్పారు. అన్నట్టు మన బాజీ.కాం గుర్తున్నదా? 2004లో దానిని ఈబే కొనుక్కొన్నది. ఆ ఈబే ఇండియా 2018 ఆగస్టులో మూతపడింది. మనలో కొందరు పాత పుస్తకాలు అక్కడ కొన్నవారే. ఎప్పుడు వస్తుందో తెలియని పుస్తకం కోసం ఎదురుచూడడంలో ఒక సుఖం ఉండేదని ఇప్పుడంటే మా అబ్బాయి నవ్వుతాడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. కొనేవాడిగా నాకూ తేదీ కావాలి. నారు పోసుకొని కూర్చున్నవాడికి పొట్టు పది రోజులు ఆలస్యమైతే మొలకలు ముదిరిపోతాయి. అంతకన్నా పెద్ద మాట ఆమే అన్నది. ఆ పచ్చ అక్షరాల గురించి నేను కాస్త ఘాటుగా మాట్లాడుతూంటే వారించింది. "అవి లేకపోతే కర్నూల్లో ఉన్నాయన నన్ను చూసి డబ్బు కడతాడాండీ? నేనెవరో ఆయనకేం తెలుసండీ?" నిజమే. అప్పనపల్లి ఎక్కడో తెలియనివాడు ముందుగా డబ్బు కట్టేది అంగడి ఇచ్చిన మాట మీదనే. ఆ మాట విలువైనది. దానికి అయ్యే ఖర్చును ఎవరెంత మోయాలన్నదే పేచీ. నెలకు 40 ఆర్డర్లవారికి నెల లెక్క బదులు ఆరు నెలల లెక్క చూడవచ్చు. కొరియరు రానిరోజును అమ్మేవారి ఖాతాలో వేయకుండా ఉండవచ్చు. "ఎండను బట్టి" అని వ్రాసుకొనేందుకు ఒక గడి ఇవ్వవచ్చు, దానికి ఒప్పుకొనేవారే కొంటారు. ఇవేవీ చేయలేనంత కష్టమైన పనులు కావు, సాఫ్టువేరు తెలిసినవారు మీలో చాలామందే ఉన్నారు, మీరే చెప్పండి.

ఆమె మాత్రం వీటికోసం ఆగలేదు. టోకు వర్తకుడికి సగం ఇస్తూనే తన పేరుతో అమ్మడం మానలేదు. ఒక్క రోజు గడువుకు తగ్గట్టు పని నెలలనే మార్చేసుకొన్నది. మాఘంనుంచి వైశాఖం దాకా ఎండ ఉన్నన్నాళ్ళూ కడిగి, ఎండబెట్టి, అదిమి, వానాకాలానికంతా సరిపడా నిలువ చేస్తున్నది. వాన రోజుల్లో కట్టి ఇవ్వడమే పని. అందుకు నాలుగు నెలల కూలీ ముందే పెట్టాలి, ఆ డబ్బుకు వడ్డీ కట్టాలి. అంగడివారి గోదాము అద్దె తప్పింది గాని ఇంట్లోనే ఒక గోదాము వెలిసింది. పెరట్లో పాకకు అటక వేయించారు. పాక గోడ మీద 2022 జూలైలో నీరు నిలిచిన గీత ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. దానికి రెండు మూరలు పైన దూలాలు పెట్టించారు. 1,200 ఇటుకలు పట్టాయట, ఇంకా కొంచెం చోటు ఉందట.